సోమవారం వచ్చిన నమూనాలు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "మేడమ్, మీ రోజుల్లో కంప్యూటర్లు తప్పులు చేసేవా?" అని. కంప్యూటరు తప్పు చేయడం నేనెప్పుడూ చూడలేదర్రా. నేను చేసిన తప్పును అది నలుగురి ముందూ బయటపెట్టడం మాత్రం చూశాను. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోతున్నాను. గొప్పలు చెప్పుకునే ముచ్చట్లు వేరే ఉన్నాయి. తీరిక ఉన్నప్పుడు వస్తే అవీ చెప్తాను, కాఫీ కూడా ఇస్తాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మాది విజయనగరం వైపు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చాక ఒక పెద్ద ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు, ఆపరేషన్ గదిలోంచి వచ్చిన ముక్కల్ని కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసి, మైనంలో పోసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, అద్దం పలకమీద పెట్టి డాక్టర్లకి అందించడమే నా పని. ఒక్క పలక తారుమారు కాలేదు, ఒక్క చీటీ ఊడిపోలేదు. "ఈవిడ చేతిలో తప్పు జరగదు" అని అందరూ అనేవారు. నేను వద్దనేదాన్ని కాదు.

అక్కడ మానేశాక నన్ను ఒక కొత్త సంస్థ పిలిచి ఉద్యోగం ఇచ్చింది. దాని పేరు చెప్పను గానీ, అందులో 'బయో' ఉంది, 'ఇన్ఫో' ఉంది, చివర 'టెక్' కూడా ఉంది. ఆ రోజుల్లో ఈ మూడింటిలో ఒక్కటైనా లేకపోతే బంధువులు కూడా ఎక్కడ పనిచేస్తున్నావని అడిగేవారు కాదు. ఊరంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని మాదాపూర్ వైపు పరుగెడుతుంటే మేం మాత్రం కార్ఖానా అనే పేటలో ఒక మేడమీద రెండో అంతస్తులో కూర్చున్నాం. కింద మిలిటరీ యూనిఫారాలు కుట్టే టైలరు. మా బోర్డు చూసి, కంప్యూటర్ కోర్సులు నేర్పుతామనుకుని వారానికి ఇద్దరైనా మెట్లెక్కి వచ్చి ఎన్ని నెలల కోర్సని అడిగి వెళ్లేవారు.

మొత్తం నలుగురం. సంస్థ పెట్టిన డాక్టరుగారు విదేశాల్లో చదివొచ్చిన మనిషి. "సైన్స్‌లో నమ్మకాలకి చోటు లేదు" అన్నది ఆయన ఊతపదం. ఫ్యూజు పోయినా, చాయ్‌లో పంచదార తక్కువైనా అదే మాట. రెండో మనిషి, ఆసుపత్రి నుంచి ఐసుపెట్టె తెచ్చే పెద్దాయన. మిలిటరీలో డ్రైవరుగా చేసి రిటైరై, స్కూటరు వెనక పెట్టె కట్టుకుని కొత్త జీవితం మొదలుపెట్టాడు. మూడోది కంప్యూటర్ అమ్మాయి. బొల్లారం పిల్ల, అక్కడ వాళ్ల నాన్నకి ఇనుప సామాన్ల దుకాణం. మొదటిరోజు నన్ను "మేడమ్, మీరు" అంది. వారం తిరక్కుండా "ఆంటీ, నువ్వు" అయింది. నా టిఫిన్ డబ్బాలో సగం కూడా అదే వారంలో ఆవిడ సొంతమైంది.

ఇక మేం చేసే పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, భయపడకండి. ఒంట్లో ప్రతి కణమూ రోజంతా చీటీలు రాస్తుంటుంది, ఫలానా ప్రోటీన్ తయారుచెయ్యి, ఫలానాది ఆపు అని. క్యాన్సర్ కణం రాసే చీటీలు వేరుగా ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, ఆ మనిషి ఒప్పుకుంటే, పరీక్షలకి పోగా మిగిలిన కణితిలోంచి ఒక చిన్న ముక్క, పక్కనున్న మంచి కండలోంచి ఒక చిన్న ముక్క మాకు ఇచ్చేవారు. నేను వాటిని పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తే చీటీలు ఉన్నవి ఉన్నట్టు ఆగిపోతాయి. తర్వాత ఒక చిప్ మీద వాటిని లెక్కిస్తారు. వేలకొద్దీ రకాల చీటీలు! మనిషి కళ్లకి అయ్యే పని కాదు. అందుకని అమ్మాయి కంప్యూటరుకి "ఇది క్యాన్సర్, ఇది కాదు" అని చూపించి చూపించి తేడా దానంతటదే నేర్చుకునేలా చేసేది. ఏ చీటీ క్యాన్సర్‌లోనే దండిగా కనిపిస్తుందో, అది తయారుచేసే అణువుకి తాళం వేసే మందు కనిపెడితే కణితి ఆగుతుంది. ఆ అణువునే టార్గెట్ అంటారు. అప్పటికున్న మందులేవీ పనిచేయని రకం క్యాన్సర్ మీద మా వెతుకులాట. ఆ రకంతోనే అమ్మాయి పెద్దమ్మ పోయింది.

మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీ ఆ పిల్లకి అప్పటికే ఆఫర్ లెటర్ ఇచ్చింది. తోటి పిల్లలందరూ అక్కడే, ఏసీ బస్సులూ మెడలో కార్డులూను. వాళ్ల నాన్న ఒకటే మాట అన్నాడట, "గా కార్ఖానా మేడ మీద ఏమన్న దొరికితే ఉండు బిడ్డా, లేకుంటే మూటముల్లె సర్దు" అని. గడువు కూడా పెట్టాడు. అమ్మాయికి ఇక్కడే ఉండాలని. ఉండాలంటే ఏదో ఒకటి దొరకాలి.

ఇక నా ఘనకార్యం దగ్గరికి వస్తాను.

నా బల్ల వెనక గోడకి ఒక క్యాలెండరు ఉండేది. అన్ని తెలుగిళ్లలో ఉండేదే, తిథీ నక్షత్రం రాహుకాలం అన్నీ ఉన్నది. మా అమ్మ నేర్పిన పద్ధతుల్లో చాలావాటికి ఈ ఊళ్లో నీళ్లొదిలేశాను గానీ రాహుకాలంలో పని మొదలుపెట్టకపోవడం మాత్రం వదల్లేదు. మాకు ముక్కలిచ్చే ఆసుపత్రుల్లో ఆపరేషన్లు ఎక్కువగా బుధవారం, శుక్రవారం. శుక్రవారం పెట్టెలు పదింటికల్లా వచ్చేవి, రాహుకాలం పదిన్నరకి. బుధవారం పదకొండున్నరకి వచ్చేవి, రాహుకాలం పన్నెండింటికి. చూశారా చిక్కు?

పెట్టె రాగానే ముందు క్యాన్సర్ ముక్కలు తీసేదాన్ని. పాపం, ఆ తల్లులు జబ్బుతో ఉన్నారు, వాళ్ల జబ్బు ముక్క పనైనా మంచి వేళలో మొదలవ్వాలి కదా అని నా బాధ. గబగబా కోసి, తూచి, అంకె అంటించి నైట్రోజన్‌లో వేసేసరికి రాహుకాలం వచ్చేది. మంచి ముక్కలు మిగిలేవి. వాటికేం తొందర, ఐసులోనే ఉన్నాయిగా! కాళ్లు చాపుకుని చాయ్ తాగి, రాహుకాలం పోయాక వాటి పని పట్టేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లు ఫార్మలిన్‌తో బతికిన దాన్ని నేను. ఫార్మలిన్‌లో వేసిన ముక్క రేపటికైనా ఎదురుచూస్తుంది. ఐసులో ముక్క అలా ఎదురుచూడదని రూల్సు కాగితంలో రాసి ఉంది. దానికింద సంతకం కూడా పెట్టాను. సంతకం పెట్టేవన్నీ చదివితే ఈ దేశంలో ఏ పనీ జరగదు.

రిజిస్టరులో తేదీ వేసేదాన్ని, టైము వేసేదాన్ని కాదు. ఎందుకు వేయలేదో అప్పుడు నన్నడిగితే 'ఎవరూ అడగలేదు' అనేదాన్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఈ సంగతి తెలిసినవాడు ఐసుపెట్టె పెద్దాయన ఒక్కడే. "మేడమ్, రాహుకాలం షురూ కాకముందే తెచ్చిన, చూడుండ్రి" అని గర్వంగా చెప్పి, నాతోపాటు కూర్చుని చాయ్ తాగేవాడు.

ఏడాది గడిచింది. అరవై జతల ముక్కలు పోగయ్యాయి. ఒకరోజు పొద్దున అమ్మాయి కుర్చీలోంచి లేచి కేక పెట్టింది. కింద టైలరు మిషను ఆగిపోయింది.

"ఆంటీ! దొరికింది! ఒక్కటే చీటీ, క్యాన్సర్‌ల పుల్లుగ ఉన్నది, మంచి దాంట్ల లేనట్టే. ఎంత సాఫ్‌గ ఉన్నదో చూడు!"

నాకు ఆ తెరమీద ఎర్రచుక్కలూ నీలంచుక్కలూ తప్ప ఏం తెలుస్తుంది? కానీ ఎర్రవన్నీ ఒకపక్క, నీలంవి ఓ అరడజను తప్ప అన్నీ ఇంకోపక్క. డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చూశారు. ఆ చీటీ రాసే జన్యువుకి అంకెలతో నోరు తిరగని పేరేదో ఉండేది. మేం మాత్రం 'అల్లుడుగారు' అని పెట్టుకున్నాం. కొత్తల్లుడికి చేసినట్టే మర్యాదలు చేశాం మరి. వచ్చినవాళ్లందరికీ చూపించడం, దిష్టి తగులుతుందేమోనని భయపడటం. అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, నేను యాడికి పోను, నాకు దొరికింది" అని చెప్తుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగా తిరిగాయి, అందులో నటన లేదు.

ముంబయి నుంచి ఒక మందుల కంపెనీవాళ్లు ఒప్పందానికి వస్తామన్నారు. అల్లుడుగారికి తాళం వేసే మందు వాళ్లు తయారు చేస్తారట. రెండువారాల తర్వాత శుక్రవారానికి ఖాయమైంది. మాదాపూర్ కంపెనీకి జవాబు చెప్పాల్సిన ఆఖరి రోజు కూడా అదేనట. అమ్మాయికి ఇంక వాళ్లతో పనేమిటి?

ముంబయి వాళ్లు రావడానికి పదకొండు రోజుల ముందు, సోమవారం, ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆంటీ, జెర నీ రిజిస్టర్ తియ్. అరవై జతలల్ల ఆరు జతల కాడ మిషను పరేషాన్ చేస్తున్నది. ఆ ఆరుగురివి మంచి ముక్కలు సుత క్యాన్సరే అంటున్నది."

"తప్పు చెప్తోందేమోనమ్మా."

"గదే సార్‌ని అడిగితే, తప్పు గాదు, ఆళ్లకు మంచి కండల సుత క్యాన్సర్ మొదలైతున్నదేమో, డాక్టర్ల కంటికి కనవడనిది మిషనుకు కనవడ్డదేమో అంటుండు. ఆ ఆరు ఎప్పుడొచ్చినయో చదువు."

చదివాను. ఆ పిల్ల గోడ మీది క్యాలెండరులో ఒక్కొక్క తేదీ మీద వేలు పెట్టుకుంటూ పోయింది. ఆరు తేదీలూ ఒకే వరసలో పడ్డాయి.

"అన్ని సోమవారాలే! ఏందాంటీ గిది? సోమవారం ఆపరేషన్ అయితే క్యాన్సర్ వేరే తీరు ఉంటదా?" అని పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. పెట్టె వచ్చేటప్పటికి అది వెళ్లిపోయి ఉంటుంది. అందుకని సోమవారం వచ్చిన ముక్కల్ని రెండింటినీ వెంటవెంటనే గడ్డకట్టించాను. మిగతా రోజుల్లో మంచి ముక్కలు గంటన్నర ఐసులో కూర్చున్నాయి. కొన్ని చీటీలు గంటన్నర కూడా నిలవవు, కరిగిపోతాయి. అల్లుడుగారు అలాంటి రకం. క్యాన్సర్ ముక్కలో ఉన్నాడు, ఎందుకంటే వెంటనే గడ్డకట్టించాను. మంచి ముక్కలో లేడు, ఎందుకంటే నేను చాయ్ తాగుతున్నాను. కోట్లమంది ఆడవాళ్ల జబ్బుకి మూలం పట్టిందనుకున్న మా మిషను పట్టింది క్యాన్సర్‌ని కాదు, నా రాహుకాలాన్ని!

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఏమైందాంటీ, గట్ల జూస్తున్నవు?" అంది. "ఏం లేదమ్మా, పులిహోర తింటావా?" అన్నాను.

పదకొండు రోజులు అలాగే గడిపాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు 'టైము' అన్నా ఉలిక్కిపడేదాన్ని. నేననుకున్నది తప్పేమో అని ఒక ఆశ. అందుకని ఆ బుధవారం ఒక దొంగ పని చేశాను. ఒకావిడ మంచి ముక్కని రెండుగా కోసి, సగం వెంటనే గడ్డకట్టించి, సగాన్ని గంటన్నర ఐసులో ఉంచి తర్వాత వేశాను. రెండింటికీ వేరువేరు అంకెలు అంటించి, రెండూ ఆవిడ మంచి ముక్కలే అని రాసి చిప్ మీదకి పంపాను. రెండింటినీ మిషను 'మంచిదే' అంటే నేను నిర్దోషిని, ఏడుకొండలవాడికి తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. సైన్సు ప్రయోగానికి మొక్కు పెట్టుకున్న టెక్నీషియన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

శుక్రవారం వచ్చింది. ముంబయి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన తెల్లజుట్టు రసాయన శాస్త్రవేత్త, రెండో ఆయన ఫైలు పట్టుకున్న కుర్రాఫీసరు. సంతకాలు పదీ ఇరవైకి అని డాక్టరుగారు ముందే చెప్పారు. టేబుల్ మీద కొత్త గుడ్డ వేశారు. బిస్కెట్లు కూడా మామూలువి కావు, జీడిపప్పువి.

పదింబావుకి అమ్మాయి పరుగెత్తుకుంటూ లోపలికొచ్చింది, చేతిలో ప్రింటు కాగితం.

"సార్! పోయిన వారం బుధవారం నమూనా. ఒకామెవి మంచి ముక్కలే రెండు వచ్చినయి. ఒకదాన్ని మంచిదంటున్నది, ఇంకోదాన్ని క్యాన్సర్ అంటున్నది! ఆమెకు లోపల ఇంక మిగిలిపోయిందేమో సార్. హాస్పిటల్‌కు చెప్పాలె, మల్ల ఆపరేషన్ చేస్తరేమో!"

దీన్ని నేను ఊహించలేదు. నా పరువుకోసం నేనాడిన నాటకంలోకి ముక్కూ మొహం తెలియని ఒక ఆడమనిషిని లాక్కొచ్చానని అప్పుడు తెలిసింది.

డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. అతిథుల వైపు తిరిగి, "చూశారా? పాథాలజిస్టు కంటికి కనపడనిది మా మిషను పట్టింది! మీ ఎదురుగానే ఆసుపత్రికి చెప్తాను" అని ఇంగ్లీషులో అంటూ ఫోన్ దగ్గరికి జరిగి, రిసీవర్ ఎత్తి నంబరు నొక్కడం మొదలుపెట్టారు.

నేను వెళ్లి ఫోన్ మీద చెయ్యి పెట్టి లైను కట్ చేశాను.

"ఏం చేస్తున్నారండీ మీరు?" అన్నారాయన.

"ఆవిడకి ఏమీ లేదు సార్. అవి రెండూ ఒకే ముక్క. నేనే కోశాను. ఒక సగం వెంటనే వేశాను, రెండోది గంటన్నర ఆగి వేశాను."

"ఎందుకు?"

"రాహుకాలం సార్."

బుధవారం, శుక్రవారం, చాయ్, ఐసు, సోమవారం, అతిథులకీ తెలిసేలా వచ్చిన ఇంగ్లీషు కలిపి అంతా చెప్పేశాను. చెప్తుంటే సిగ్గేసింది, సగంలోకి వచ్చేసరికి భలే తేలికనిపించింది కూడా. వాంతి అయ్యాక ఉంటుందే, అలాగ.

డాక్టరుగారు అందుకున్నారు. "రాహుకాలమా! ఈ రోజుల్లో! నా ల్యాబులో! ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న మనిషి! సైన్స్‌లో నమ్మకాలకి..."

అక్కడిదాకా ఓర్చుకున్నాను. తప్పు నాదే, తల వంచుకునే ఉన్నాను. కానీ ఆ ఊతపదం వినేసరికి నా నోరు ఊరుకోలేదు.

"తప్పు నాదేను సార్, తిట్టండి. కానీ ఒక్క మాటకి జవాబు చెప్పండి. శుక్రవారం రాహుకాలం పదిన్నరకి. ఇవాళ సంతకాలకి పదీ ఇరవై ముహూర్తం ఎవరు పెట్టారు?"

డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆవిడ..." అని ఏదో మొదలుపెట్టి ఆపేశారు.

తెల్లజుట్టాయనకి తెలుగు రాకపోయినా 'రాహు' అన్న మాట తెలుసు. వాచీ చూసుకుని, "ఇంకా మూడు నిమిషాలుంది" అన్నారు. తర్వాత పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నారు. "ఇవాళ మీరు మాకు కొన్నేళ్ల వృథా ప్రయాస తప్పించారు. ముక్కలన్నీ మళ్లీ సరిగ్గా సేకరించి చేస్తే పిలవండి, వస్తాను" అన్నారు నాతో. మర్యాదస్తుడు. బిస్కెట్లు కూడా రెండు తిని మరీ వెళ్లారు.

అమ్మాయి ప్రింటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. మెట్లమీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోబోతే జరగలేదు. ఒక మెట్టు పైన కూర్చున్నాను.

"ఎప్పుడు తెలిసింది మేడమ్ మీకు?" అంది.

ఆ 'మేడమ్' నాకు చెంపదెబ్బలా తగిలింది.

"నువ్వు క్యాలెండరు మీద వేలు పెట్టిన రోజే."

"పదకొండు దినాలు." లెక్కపెట్టినట్టుగా అంది. "రాహుకాలం చూస్తె చూసిండ్రు. మా అమ్మ సుత చూస్తది, ఎవరు చూడరు? గది కాదు. పదకొండు దినాలు నా ముందల కూసోని నాకు పులిహోర తినవెట్టిండ్రు. దినాం మా నాన్నకు ఫోన్ చేస్తుంటే ఇన్నరు. మా పెద్దమ్మ ఫొటోకు దండ ఏసి చెప్పిన నేను, నీ రోగానికి తాళం దొరికిందని. అప్పుడన్న చెప్పొద్దా?"

నా చేతిలో తప్పు జరగదని అందరూ అన్న మాటని ఆ పదకొండు రోజులూ కొంగున ముడేసుకుని కాపలా కాశాను. ఆ పిల్ల బతుకు కంటే నాకు అదే ఎక్కువైపోయింది. అదే చెప్పాను. "భయమేసిందమ్మా. పరువు పోతుందని. తప్పైపోయింది" అన్నాను. చేతులు కూడా జోడించాను. అంతకుముందు నేను మనుషులకి చేతులు జోడించింది పెళ్లిలో వియ్యాలవారికే.

కింద టైలరు మిషను గడగడలాడుతోంది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది.

"మల్ల అరవై జతలు కావాలంటే ఎన్నాళ్లు వడ్తది?"

"ఏడాది. ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు."

"నువ్వు ఉంటవా, పోతవా?"

"తరిమేస్తే తప్ప పోను."

"దొరకకపోతె?"

"దొరక్కపోవచ్చు" అన్నాను. ఇంక అబద్ధాలు చెప్పే ఓపిక లేదు నాకు. "నువ్వు మాదాపూర్ వెళ్తే నేనేమీ అనుకోను. అక్కడైతే నీ లెక్కలు ఎవరూ చాయ్ తాగి పాడుచెయ్యరు."

ఫక్కున నవ్వింది, ఏడుస్తూనే. సరిగ్గా అప్పుడు ఐసుపెట్టె పెద్దాయన స్కూటరు దిగి, పెట్టె పట్టుకుని మెట్లెక్కుతూ వచ్చాడు. ఆపరేషన్ ఆలస్యమైందట. మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమైందో తెలియక, అలవాటు మాట అన్నాడు.

"ఇగో మేడమ్, పావుతక్కువ పదకొండుకు కోసి చేతికిచ్చిండ్రు. రాహుకాలం ఇంక గంట ఉన్నది గద, జెర చాయ్ తాగొస్తా. మీకు సుత తేనా?"

నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి పెట్టె వైపు చూసింది. లేచి, బట్టలు దులుపుకుని, పెద్దాయన చేతిలోంచి పెట్టె లాక్కుంది.

"చాయ్ గియ్ ఏం వద్దు. నడువాంటీ."

"మాదాపూర్ వాళ్లకి ఇవాళే కదా జవాబు..."

"సాయంత్రం దాక టైమున్నది. ముక్కకు లేదు. నడువ్."

ఆ సాయంత్రం వాళ్లకి ఏమని రాసిందో నేను చూడలేదు. సోమవారం తొమ్మిదింటికి మాత్రం తన కుర్చీలో ఉంది. అరవై జతలకి పదహారు నెలలు పట్టింది. అల్లుడుగారు మాయమయ్యాడు. ఎర్రచుక్కలూ నీలంచుక్కలూ మళ్లీ ఎప్పుడూ అంత శుభ్రంగా విడిపోలేదు. జాబితాలో ఎక్కడో కిందనున్న, ఎవరూ పేరుపెట్టి పిలవని ఒక జన్యువు మాత్రం ప్రతిసారీ నిలబడింది. తెల్లజుట్టాయన మాట నిలబెట్టుకుని మళ్లీ వచ్చారు. అది మందు అయిందా అని అడక్కండి. మందులు అంత తేలిగ్గా అవ్వవు. నేను రిటైరయ్యేనాటికి ఎలుకల దాకా వెళ్లింది. ఆ అమ్మాయి ఇంకా దాని వెంటే పడుతోంది.

కానీ నాకు ఎక్కువ గుర్తున్నది ఆ శుక్రవారమే. బల్ల దగ్గరికి వెళ్లి చేతికి తొడుగులు వేసుకున్నాను. డాక్టరుగారు గుమ్మంలో నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక రాహుకాలంలో నేను మొదలుపెట్టిన మొదటి పని అది. ముందు మంచి ముక్క తీశాను, కోశాను, తూచాను, నైట్రోజన్‌లో వేశాను. పొగ లేచింది. వెంటనే క్యాన్సర్ ముక్క. పొగ మళ్లీ లేచింది. ఏ పిడుగూ పడలేదు.

కొత్త రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి రెండు గళ్లు గీశాను. ఒంట్లోంచి తీసిన టైము, గడ్డకట్టించిన టైము. మొదటి గడిలో పెద్దాయన చెప్పిన పావుతక్కువ పదకొండు వేశాను. రెండో గడిలో పదకొండూ పది అని రాశాను.

అమ్మాయి నా భుజం మీదుగా తొంగి చూసి, తన వాచీ నా మొహం ముందు పెట్టింది.

"పదకొండు పన్నెండు, ఆంటీ."

కొట్టేసి, పక్కన పదకొండూ పన్నెండు అని రాశాను.